వినోద వైర్‌లెస్ కేంద్రమునకు స్వల్పవ్యయమున శక్తివర్ధకము

వైర్‌లెస్ విద్యను ధనాపేక్ష లేక వినోదార్థమై అభ్యసించువారిని హాములని పిలుచుట లోకమున వాడుక. వీరు ప్రభుత్వము వారి పరీక్షయందు ఉత్తీర్ణులై, అనుమతిపత్రమును పొంది, తమ గృహములందే చిన్న ప్రేషక యంత్రమును, గ్రాహక యంత్రమును నెలకొల్పుకొని దూరస్థులతో సంభాషింతురు. మన దేశమున పండ్రెండు సంవత్సరములు నిండిన బాలబాలికలు సైతము ఈ పరీక్షకు కూర్చుండవచ్చును. పై తరగతుల విద్యార్థులలో దీనియం దాసక్తి గలవారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, మా సెట్టు పది వాట్లదే. తక్కువ ధరలో మంచి ఆంప్లిఫయరు ఏదండీ?"

ఒక పేరు చెప్పి పంపివేయుట సులభమే. కాని గనిలో షిఫ్టులు మారి మారి పనిచేయు తండ్రి కష్టార్జితము నుండి ఆ వెల రావలసియున్నది. కావున ఏ యంత్రమును కొనవలయు నను ప్రశ్నకు ముందు, కొన్నందువలన ఎంత లాభము కలుగును, ఎప్పుడు లాభమే కలుగదు అనునది విద్యార్థులును, వారి తలిదండ్రులును లెక్కగట్టి తెలిసికొనుట న్యాయము. లెక్క కఠినమైనది కాదు. తొమ్మిదవ తరగతి గణితము చాలును.

ఆంప్లిఫయరును తెలుగున శక్తివర్ధక మందుము. సెట్టు నుండి వచ్చు కొద్దిపాటి శక్తిని గ్రహించి, బ్యాటరీ నుండి గాని, ఇంటి విద్యుత్తు నుండి గాని మరికొంత శక్తిని తీసికొని, సంకేతమును అదే రూపమున పెద్దది చేసి ఏరియలునకు పంపుట దీని పని. పెద్దదైన ఆ సంకేతము అవతలివాని చెవికి ఎంత పెద్దదిగా వినబడును? ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. పది వాట్లను ఇరువది చేసినచో రెండింతలుగా వినబడునని తలంతురు. శక్తిని కొలుచుటకు శాస్త్రజ్ఞులు డెసిబె లను మానమును వాడుదురు. శక్తి రెండింతలైన 3 డెసిబెళ్లు, నాలుగింతలైన 6, పదింతలైన 10 పెరిగినట్లు. గ్రాహక యంత్రము మీద సంకేతబలమును చూపు ముల్లు ఒక గుర్తు నుండి తరువాతి గుర్తునకు జరుగుటకు 6 డెసిబెళ్లు కావలయును. అనగా 10 వాట్ల వానికి 40 వాట్లు వచ్చినచో అవతలివాని ముల్లు ఒక్క గుర్తు జరుగును. 40ని 160 చేసిన మరియొక గుర్తు. మొదటి గుర్తునకు 30 వాట్ల అదనపు శక్తి సరిపోగా, రెండవ గుర్తునకు 120 వాట్లు అదనముగా కావలసివచ్చెను. మూడవదానికి 480. మెట్లెక్కినకొలది మెట్టు వెల పెరుగుచుండునని బోధపడుచున్నది గదా.

వాట్ల గొప్పతనమును గూర్చి మరియొక మాట. 1930ల దశకమున హైదరాబాదు చిరాగ్ అలీ గల్లీలో ప్రారంభమై, 1935లో నిజాము ప్రభుత్వ పరమైన దక్కన్ రేడియో ప్రేషక యంత్రము 200 వాట్లది. నగర జనులందరు విన్న ప్రసారమునకు అది చాలినది. నేడు ఒక విద్యార్థి తన మేడగదికి 500 వాట్లు కావలయునని కోరినపుడు నాకు నవ్వు వచ్చుట సహజము.

ఇక మన ప్రాంతమునే ఉదాహరణముగా తీసికొందము. పెద్దపల్లి నుండి గోదావరిఖనికి సూటిగా కొలిచిన సుమారు 20 కిలోమీటర్లు. హాములు సమీప సంభాషణలకు 144 మొదలు 146 మెగాహెర్ట్‌జుల వరకు గల తరంగములను వాడుదురు. ఈ తరంగములు దాదాపు కాంతివలె సూటిగా పోవును. భూమి వంపును దాటి ఎక్కువదూరము పోజాలవు. ఏరియలు ఎత్తును మీటర్లలో వేసి, దాని వర్గమూలమును 4.12 చేత గుణించిన, అది చూడగల దిగంతము కిలోమీటర్లలో వచ్చును. రెండు కేంద్రముల దిగంతములను కూడిన వాని మధ్య ఉండదగిన దూరము తేలును. పెద్దపల్లిలో ఒకరు, గోదావరిఖనిలో ఒకరు తమ ఏరియళ్లను 4 మీటర్ల యెత్తున నిలిపిరనుకొనుడు. 4నకు వర్గమూలము 2, ఒక్కొక్కరికి 8.24 కిలోమీటర్లు; ఇరువురికి కలిపి 16.5. ఇరువది కిలోమీటర్లు దాటలేదు. ఇద్దరును 9 మీటర్ల యెత్తునకు లేపినచో 24.7 కిలోమీటర్లు వచ్చును. సంభాషణ కుదురును. 30 కిలోమీటర్ల దూరమున నున్న మంథనితో మాటలాడవలెనన్న ఇరుపక్షముల 16 మీటర్లు కావలయును; అప్పుడు 33 కిలోమీటర్లు. నడుమ గుట్టలు, గనుల నుండి తీసిపోసిన మట్టి దిబ్బలు అడ్డమున్నచో ఈ లెక్క కూడ తగ్గును. దిగంతము క్రింద నున్నవానికి 10 వాట్లకు బదులు 100 వాట్లు పంపిన కొంత చిందులు వినబడవచ్చును గాని, ఇనుప గొట్టమును మరి అయిదు మీటర్లు పైకి నిలిపినవాడు అంతకంటె మేలైన ఫలమును అంతకంటె తక్కువ సొమ్ముతో పొందును. గొట్టమును నిలుపుచోట మాత్రము ఒక జాగ్రత్త విధిగా పాటింపవలయును. అది ఏ వైపు కూలినను వీధి విద్యుత్తు తీగలపై పడరానంత దూరమున ఉండవలెను. తలిదండ్రులు ఈ ఒక్క విషయమును స్వయముగా చూచుకొనవలసినదిగా కోరుచున్నాను.

ఎత్తు తరువాత చూడవలసినది కేబులు. దీనిని గూర్చి ఎవ్వరును అడుగరు; కాని సొమ్ము ఎక్కువగా కారిపోవు చోటు ఇదియే. సెట్టు నుండి ఏరియలునకు శక్తిని కొనిపోవు కేబులు ఆ శక్తిలో కొంత తానే వేడిగా మార్చి తినివేయును. అంగడిలో చౌకగా దొరకు సన్నని ఆర్‌జీ-58 అను కేబులు 145 మెగాహెర్ట్‌జుల వద్ద 30 మీటర్ల పొడవున సుమారు 6 డెసిబెళ్లు తినును. అనగా నాల్గింట మూడు వంతులు దారిలోనే నశించి, ఒక్క వంతు మాత్రమే ఏరియలునకు చేరును. ఒక విద్యార్థి 50 వాట్ల వర్ధకమును కొని, ఈ కేబులునే తగిలించెననుకొనుడు. పైకి చేరునది 12 లేక 13 వాట్లు. అతని పొరుగువాడు 25 వాట్ల సెట్టునకు లావుపాటి ఆర్‌జీ-213 తగిలించెను. దాని నష్టము అంతే పొడవునకు సుమారు 3 డెసిబెళ్లు, అనగా సగము. వాని ఏరియలునకు కూడ 12 లేక 13 వాట్లే చేరినవి. ఇరువురి గొంతులు ఒక్క బలముతోనే వినబడును. పొరుగువాడు వర్ధకమే కొనలేదు. పైగా వాని చెవి కూడ మెరుగైనది. ఏలయనగా వచ్చెడి సంకేతము కూడ ఆ కేబులు గుండనే దిగవలయును. మొదటివాని విషయమున దూరస్థుని క్షీణ స్వరమున నాల్గింట మూడు వంతులు గోడ వెంబడి దిగునప్పుడే పోయినవి. వర్ధకము ఎంత పెద్దదైనను దానిని తిరిగి తేజాలదు.

అయితే ఈ నష్టము తరంగముల పౌనఃపున్యమును బట్టి మారుచుండును. 7 మెగాహెర్ట్‌జుల వద్ద అదే సన్నని కేబులు 30 మీటర్లకు ఒక డెసిబెలు చిల్లర మాత్రమే తినును. కావున ఆ తరంగములందు పనిచేయువాడు లావు కేబులునకై వెచ్చింపనక్కరలేదు.

చెవిని గూర్చి మాటవచ్చినది గనుక మన ప్రాంతపు స్థితిని చెప్పెదను. రామగుండమున విద్యుత్కేంద్రములు, వాని నుండి నలుదిక్కులకు పోవు మహాశక్తి గల విద్యుత్ మార్గములు, బొగ్గు గనుల పెద్ద మోటార్లు, ఇవి చాలక ప్రతి ఇంటను చౌక ఎల్.ఇ.డి. దీపములు. వదులైన పింగాణీ బిళ్లల వద్ద, మసి పట్టిన కలయికల వద్ద పుట్టు చిన్న చిన్న నిప్పురవ్వలు గ్రాహక యంత్రమున ఎడతెగని బుసబుస శబ్దమును కలిగించును. ఇట్టిచోట శక్తివర్ధకమును తగిలించినవాడు తాను పదిమందికి వినబడును. వారు చెప్పు ప్రత్యుత్తరము తనకు వినబడదు. నోరు పెద్దదియు, చెవులు చిన్నవియు నైన ఇట్టి కేంద్రమును హాములు పరిహాసముగా మొసలి యందురు. తన ఇంటి శబ్దము ఎచ్చట పుట్టుచున్నదో కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. సెట్టును బ్యాటరీపై నడుపుచు, ఇంటి మెయిన్ స్విచ్చిని పెద్దల చేత ఒక్క నిమిషము ఆపించి వినవలయును. శబ్దము తగ్గినచో దోషి ఇంటిలోనే ఉన్నాడు. ఒక్కొక్క దీపమును, చార్జరును మార్చి పరీక్షింపవచ్చును. దీనికి ఖర్చు లేదు.

ఇంతవరకు వర్ధకము వద్దని వాదించినట్లు తోచవచ్చును. అది నా అభిప్రాయము కాదు. వర్ధకము నిజముగా ఉపకరించు చోటు కలదు. హైదరాబాదు నివాసియైన అష్హర్ ఫర్హాన్ గారు 2000 సంవత్సరము తరువాతి దశకమున బిట్‌ఎక్స్ అను పేర ఒక చౌక సెట్టును రూపొందించిరి. దేశమున దొరకు సామాన్య భాగములతో, తొలి నమూనాలో కుళాయి వాషర్లపై తీగ చుట్టి చుట్టలు చేసికొనునట్లు, దానిని కల్పించిరి. ప్రపంచమున అనేక దేశముల హాములు దానిని కట్టుకొనిరి. తరువాత వచ్చిన బిట్‌ఎక్స్-40 అను 7 మెగాహెర్ట్‌జుల సెట్టు 12 వోల్టులపై సుమారు 7 వాట్లు ఇచ్చును. పెద్దపల్లి నుండి హైదరాబాదు సూటిగా 165 కిలోమీటర్లు. సూటి తరంగములు అంతదూరము పోవు. కాని 7 మెగాహెర్ట్‌జుల తరంగములు పగటివేళ ఆకాశమునకు ఎగసి, పైనున్న అయనమండలమున పరావర్తనము చెంది, వంద, రెండు వందల కిలోమీటర్ల దూరమున దిగును. 20 మీటర్ల తీగను నడుమ విడదీసి, రెండు చెట్లకు గాని గోడలకు గాని 8, 10 మీటర్ల యెత్తున అడ్డముగా కట్టిన చాలును. ఇచ్చట ఎత్తైన స్తంభముతో పని లేదు. కేబులు నష్టము అల్పము. ఏరియలు మెరుగుపరచుటకు మిగిలినది తక్కువ. అన్నియు సరిగా అమర్చిన పిదప కూడ హైదరాబాదువారు, మీ మాట సగము శబ్దములో మునుగుచున్నదని చెప్పినచో, అప్పుడు 7 వాట్లను 28 చేసిన ఒక గుర్తును, 112 చేసిన రెండు గుర్తులును లాభము. సగము వినబడు మాటకు ఒక్క గుర్తు చాల గొప్ప సహాయము. అస్సలు వినబడనివానికి రెండు గుర్తులు కూడ చాలకపోవచ్చును.

కొనదలచినవాడు పరీక్షింపవలసినవి ఇవి. మొదట, ఆ యంత్రము లీనియరు వర్గమునకు చెందినదా కాదా యని అడుగవలెను. ఎఫ్.ఎం. పద్ధతిలో సంకేతము ఎత్తు మారదు గనుక, తరగతి సి అను చౌక వర్ధకము పనికివచ్చును. 7 మెగాహెర్ట్‌జుల వద్ద వాడు సింగిల్ సైడ్‌బ్యాండు పద్ధతిలో గొంతు హెచ్చుతగ్గులను బట్టి సంకేతమును హెచ్చుతగ్గు లగును; దానిని యథాతథముగా పెద్దది చేయువాడే లీనియరు. తరగతి సి దానిలో మాట ముక్కలై వినబడును. చౌక యంత్రముల పెట్టెలపై పెద్ద అక్షరములతో వాట్ల సంఖ్య వ్రాసి, ఈ విషయమును మాత్రము వ్రాయకుండుట అమ్మకపువారి అలవాటు. ఆ సంఖ్య కూడ లోనికి పోవు శక్తియా, వెలికి వచ్చు శక్తియా, క్షణకాలపు శిఖరమా యని విచారింపవలయును. సామాన్యముగా లోనికి తీసికొన్న శక్తిలో సగమునకు కొంచె మటు ఇటుగా మాత్రమే వెలికి వచ్చును. మిగిలినది వేడి. అందుచేత చేతితో పట్టుకొని బరువు చూడుడు. వేడిని తొలగించు అల్యూమినియపు రెక్కలు పలుచనైనచో దాని పెద్ద సంఖ్యను నమ్మకుడు.

సెట్టునకును వర్ధకమునకును జత కుదరవలయును. 4 వాట్లు పుచ్చుకొనునట్లు చేసిన దానిలో 10 వాట్లు పోసినచో సంకేతము శిఖరములు తెగిపోయి, ప్రక్క స్థానములందు మాటలాడువారి చెవులలో చిందును. ట్రాన్సిస్టరు మాడినను ఆశ్చర్యము లేదు. ఇంకను, ప్రతి వర్ధకము అసలు పౌనఃపున్యముతో పాటు దాని రెండింతలు, మూడింతలను కూడ కొంత పుట్టించును. 7.1 మెగాహెర్ట్‌జుల వద్ద మాటలాడుచుండగా 14.2 వద్దను, 21.3 వద్దను దయ్యపు నీడవలె మన గొంతు వినబడరాదు. వీనిని ఆపు వడపోత చుట్టలు వెలికి వచ్చు వైపున ఉండవలయును. అతి చౌక పలకలలో వీనినే మొదట మానివేయుదురు. చుట్టలు, కండెన్సర్లు కొని విద్యార్థి తానే చేర్చుకొనవచ్చును, మంచి అభ్యాసము. కాని ఆ ఖర్చును వెలలో కలుపుకొని చూడవలెను.

విద్యుత్ సరఫరా పెట్టె ఖర్చును కూడ అట్లే. 100 వాట్లు వెలికి ఇచ్చు యంత్రము సుమారు 200 వాట్లు లోనికి గ్రహించును. 13.8 వోల్టుల వద్ద అది పదునాలుగున్నర ఆంపియర్లు. కావున 20 ఆంపియర్ల పెట్టె లేనిదే వర్ధకము పనిచేయదు. కొన్ని సమయములందు ఈ పెట్టె వెల వర్ధకపు వెలతో పోటీపడును. తీగల సంగతియు కలదు. ఇంటి దీపములకు వాడు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను అయిదు మీటర్ల దూరము వాడినచో, పోవుటకు వచ్చుటకు పది మీటర్లు. దారిలోనే ఒకటిముప్పావు వోల్టు పడిపోవును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగను వాడిన అరవోల్టు కూడ పడదు.

పాత వాల్వు యంత్రములు అప్పుడప్పుడు తక్కువ ధరకు వచ్చును. 807, 811 అను వాల్వులు దృఢమైనవి; చిన్న తప్పులను ట్రాన్సిస్టర్ల కంటె బాగుగా సహించును. అయినను విద్యార్థులకు నేను వానిని సూచింపను. వానిలో వందల నుండి వేయికి మించిన వోల్టు లుండును. స్విచ్చి ఆపిన పిదప కూడ కండెన్సర్లలో ఆ విద్యుత్తు నిలిచి, మూత తీసిన చేతిని కొట్టి ప్రాణము తీయగలదు. అనుభవజ్ఞుడైన పెద్దవాడు ప్రక్కన లేనిచో దాని మూత విప్పరాదు. ఈ విషయమున నేను ఎవరి వేడికోలును వినను.

చట్టమును గూర్చి కొంచెము. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నియమావళిలో ప్రతి శ్రేణికి శక్తి పరిమితి విధించిరి. అత్యున్నత శ్రేణికి అది 400 వాట్లు. క్రింది శ్రేణికి దానికంటె చాల తక్కువ. తన అనుమతిపత్రముపై నున్న సంఖ్యను చదువక వర్ధకమును కొనుట అవివేకము. 27 మెగాహెర్ట్‌జుల సమీపమున సామాన్య ప్రజలు అనుమతిపత్రము లేకయే వాడుకొనదగిన తరంగములు కలవు. కాని అచ్చట 5 వాట్లకు మించరాదు. ఆ సెట్లకు వర్ధకములను అమ్ముట మాత్రము జరుగుచునేయున్నది. కొనినవాడు నేరస్థుడగును.

వెలలను పోల్చుటకు నా విద్యార్థుల చేత ఒక చిన్న లెక్క చేయించుచుందును. నోటుపుస్తకమున ప్రతి వస్తువు పేరు, దాని సంపూర్ణ వెల, దానివలన కలుగు డెసిబెళ్లు వ్రాసి, వెలను డెసిబెళ్లచే భాగింపుమందును. ఉదాహరణమునకు, వర్ధకము, పెట్టె, తీగలు, వడపోత కలిసి 20,000 రూపాయలై 10 డెసిబెళ్లు ఇచ్చిన, డెసిబెలునకు 2,000. మంచి కేబులునకు 4,500 రూపాయలై 3 డెసిబెళ్లు మిగిలిన, డెసిబెలునకు 1,500; అదియు మాటకు, వినికిడికి రెంటికిని. ఈ వెలలు నేను లెక్క కొరకు కల్పించినవే. ప్రతివాడు తాను అంగడిలో విచారించి తెచ్చిన వెలలతో చేసికొనవలయును.

చివరగా బ్యాటరీ. హాముల విద్య ఆపత్కాలమున ఉపయోగించిన ఉదాహరణములలో తెలుగువారు మరువరానిది 2004 డిసెంబరు 26 నాటిది. 1983లో హైదరాబాదున స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున భారతీప్రసాద్ గారు తమ బృందముతో అప్పటికి పోర్ట్ బ్లెయిరున నుండిరి. సునామీ వచ్చి ఇతర సంబంధములు తెగిపోగా, వినోదార్థము తెచ్చిన యంత్రములతోనే వారు క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు అందించిరి. మన గోదావరి తీరమునకు వచ్చిన, 2022 జూలైలో వరదనీరు మంథని పట్టణములోనికి చొచ్చుకొనివచ్చుట పలువురు చూచినదే. అట్టి దినమున ఇంటి విద్యుత్తును నమ్ముకొన్న వర్ధకము బల్లపై నుండు బరువు మాత్రమే.

40 ఆంపియర్-గంటల బ్యాటరీ యొకటి ఇంట నున్నదనుకొందము. అది చెడకుండ దానిలో సగమే, అనగా 20, వాడుకొందము. గంటకు పది నిమిషములు ఎఫ్.ఎం.లో మాటలాడి, తక్కిన కాలము వినుచుండుట నియమము. 10 వాట్ల సెట్టు మాటలాడునపుడు సుమారు 2 ఆంపియర్లు, వినునపుడు అర ఆంపియరు తీసికొన్నచో బ్యాటరీ దాదాపు 27 గంటలు వచ్చును. 100 వాట్ల వర్ధకమును కలిపినచో పదునారున్నర ఆంపియర్లగును. బ్యాటరీ ఆరు గంటలకే అయిపోవును. కావున తగిలించిన తీగలను విప్పకయే వర్ధకమును ఆపివేసి, సెట్టు శక్తిని మాత్రమే ఏరియలునకు పంపు ఏర్పాటు దానిలో ఉన్నదా యని కొనుటకు ముందే చూడవలయును. అంగడివాని ఎదుటనే దాని విద్యుత్తు తీసివేయించి, సెట్టులో ఒక కేంద్రమును పెట్టి వినుడు. మునుపటివలెనే వినబడుచున్నచో ఆ ఏర్పాటు కలదు.